మూడు దాటితే

యంత్రం చూడ్డానికి క్యారియర్ గిన్నెంత ఉంటుంది. దానికో సన్నని గొట్టం, గొట్టం చివర బోర్లించిన చిన్న మూత. టేబుల్ టెన్నిస్ బ్యాట్‌ని బల్ల మీద పడుకోబెట్టి, రబ్బరు మీద ఆ మూత పెట్టి, మీట నొక్కి నిమిషం ఆగాలి. రబ్బరులోంచి మందుల ఆవిరి వస్తుంటే పసిగట్టి తెరమీద అంకె చూపిస్తుంది. మూడు లోపల ఉంటే సరే. మూడు దాటితే బ్యాట్ పనికిరాదు.

శుక్రవారం పొద్దున ఏడింటికే స్టేడియం పక్కగదిలో ఆ యంత్రం ముందు కూర్చున్న కొలతమ్మకి, నలభై ఒక్కేళ్ళ వయసులో, కాలు ఒకచోట నిలవడం లేదు. కుర్చీ జరిపింది, బల్ల తుడిచింది, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. కొలతమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. ఆవిడ వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివరి త్రాసులు వాటంతటవే సరిపోతాయని ఆఫీసులో జోకు. పేరు పెట్టింది బజారువాళ్ళు, ఖాయం చేసింది ఆఫీసువాళ్ళు, ఇంట్లోవాళ్ళూ అలాగే పిలవడం మొదలుపెట్టాక ఇక ఆమె కూడా పట్టించుకోవడం మానేసింది.

ఈ పనికి ఆమెని పిలిచింది చీఫ్ రిఫరీ. కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాష్టారు. "యంత్రం ఏం చెప్తే అది నమ్మేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారమ్మా. ఇంకోసారి చూద్దాం అనేవాళ్ళే లేరు," అన్నాడాయన. ఆ ఒక్కమాటకే ఆమె నాలుగు రోజులు సెలవు పెట్టేసింది.

మాష్టారు రూలు ఒక్క ముక్కలో చెప్పాడు. "ఫ్యాక్టరీలోంచి రబ్బరు ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. నూనె పూయకూడదు, మందు రాయకూడదు, ఎండలో కాల్చకూడదు, గరుకు కాగితంతో రుద్దకూడదు. నీళ్ళ జిగురుతో అంటించుకుని ఆడుకోవాలి. అంతే."

పూస్తే ఏమవుతుందని అడిగింది కొలతమ్మ.

"కింద స్పాంజి ఉబ్బుతుంది. ఉబ్బితే బంతి ఎగిరి పడుతుంది. చెయ్యి చెయ్యాల్సిన పని మందు చేసిపెడుతుంది."

పని మొదలయ్యాక ఆమెకి ఒళ్ళు తెలియలేదు. మ్యాచ్ అయిన ఆటగాళ్ళలో చీటీలో పేరు వచ్చినవాళ్ళ బ్యాట్లు గదిలోకి వస్తాయి. ముందు భూతద్దంతో రబ్బరు మీద గీతలూ మెరుపులూ చూడాలి. తర్వాత మందం. నాలుగుచోట్ల కొలవాలి, నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదు. తర్వాత స్కేలు అడ్డంపెట్టి ఎత్తుపల్లాలు చూడాలి. చివర్న యంత్రం. ఒక్కో బ్యాట్‌ని ఆమె అప్పుడే పుట్టిన పిల్లని అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుంటుంటే పక్కనే నిలబడ్డ ఆటగాళ్ళకి నవ్వాగలేదు.

పదకొండింటికి ఒక బ్యాంకు గుమాస్తా వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా ఈ టోర్నమెంటులో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టే మనిషి, ఈసారి గెలిచాడు. తువ్వాలు మెడలో వేసుకుని, చెవులదాకా నవ్వుతూ నిలబడ్డాడు. రబ్బరు శుభ్రంగా ఉంది. మందం సరిపోయింది. యంత్రం మూత పెట్టగానే అంకె ఒకటి, రెండు, రెండున్నర అని మెల్లగా నడిచి, ఉన్నట్టుండి పరుగెత్తి తొమ్మిది దగ్గర ఆగింది.

ఆమె మూత తీసి, గాలికి ఆడించి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ తొమ్మిదే.

"ఏ జిగురుతో అంటించారండీ?"

"సైకిల్ షాపులో పంక్చర్ సొల్యూషన్. పట్టుకుంటే ఇక వదలదని..." ఆయన నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "కూడదా? అయితే పీకేసి మార్చుకొస్తాను. పది నిమిషాల పని."

మాష్టారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మ్యాచ్‌కి ముందు తెచ్చుంటే అదే చెప్పేవాళ్ళం. ముందు పరీక్ష ఎవరి ఇష్టం వాళ్ళది. అందులో తప్పినా శిక్ష లేదు, వేరే బ్యాట్ తీసుకుంటే చాలు. మ్యాచ్ అయ్యాక తప్పితే మాత్రం గెలుపు పోతుందండీ."

గుమాస్తా మెడలోంచి తువ్వాలు తీసేశాడు. "మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశానండీ, గెలిచానని," అన్నాడు.

కొలతమ్మ ఫారంలో తొమ్మిది అని రాసింది. తప్పుడు త్రాసు పట్టుకున్నప్పుడు ఆమెకి ఎప్పుడూ జాలి వేయలేదు. ఇక్కడ మోసం లేదు, తెలియకపోవడం ఒక్కటే ఉంది. మధ్యాహ్నం విరామంలో భోజనం కూడా మానేసి ఎనిమిది బల్లల చుట్టూ తిరిగింది. కనిపించిన ప్రతి ఆటగాడినీ ఆపి, "రేపు ఆడేముందు నా దగ్గరికి రండి, నిమిషం పని, తప్పినా ఏం పోదు," అని చెప్పింది. కొందరు తలూపారు. కొందరు ఈవిడెవరో బీమా పాలసీ అమ్ముతోందనుకుని తప్పుకుపోయారు.

ఒక్కరికి మాత్రం ఇంటికెళ్ళి చెబుదామని ఆగింది. ఆమె ఆడపడుచు.

ఆడపడుచుని ఇంట్లో పిచ్చుక అంటారు. ముప్పై మూడేళ్ళొచ్చినా మనిషి సన్నగా, ఒకచోట నిలవకుండా, రెండు కాళ్ళమీదా గెంతుతూ నడుస్తుంది. డ్రై క్లీనింగ్ షాపులో ఇస్త్రీ పని. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కోట్లూ పట్టుచీరలూ సాపు చేసి, ఏడు నుంచి ఎనిమిది దాకా వీధి చివర క్లబ్బులో బంతి కొడుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇస్త్రీపెట్టె తిప్పే మణికట్టే బ్యాట్ కూడా తిప్పుతుంది.

ఆ సాయంత్రం పిచ్చుక నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుని తడి స్పాంజితో బ్యాట్ తుడుస్తోంది. రెండు రౌండ్లు గెలిచింది. ఇంకా ఆ ఊపులోనే ఉంది.

"రేపు పొద్దున నా దగ్గరికి ఓసారి తీసుకురా," అంది కొలతమ్మ.

"రాను వదినా."

"ఎందుకు రావు?"

"నీ దగ్గరికి నేనొస్తే ఏమంటారు? వదినే చూసి పాస్ చేసిందంటారు. గెలిచింది వదినంటారు. వద్దు. చీటీలో వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నీళ్ళ జిగురు, వారం క్రితం అంటించాను. నూనె లేదు, మందు లేదు. నీకెందుకు భయం?"

"భయం కాదే. మిగతా అందరికీ చెప్పాను, నీకూ చెప్తున్నాను."

"మిగతా అందరికీ నువ్వు వదినవి కాదు కదా."

లోపల షర్టు గుండీలు తీసుకుంటున్న కొలతమ్మ భర్త, లిఫ్టు మెకానిక్, తలుపులోంచి తొంగిచూశాడు. "నన్ను మధ్యలోకి లాగొద్దు. ఇటు భార్యతో ఇంట్లో ఉండాలి, అటు రాఖీ లాంటి చెల్లెలు," అన్నాడు.

"రాకాసి లాంటి అనబోయి తడబడ్డావు అన్నయ్యా," అంది పిచ్చుక, బ్యాట్‌ని సంచీలోకి తోస్తూ.

శనివారం పొద్దున గది తలుపు తీద్దామని వచ్చిన కొలతమ్మకి అడుగు పెట్టే చోటు లేదు. వరండా పొడుగునా వరస. యాభై మందికి తక్కువ లేరు. బ్యాట్లు చంకలో పెట్టుకుని, టీ గ్లాసులు పట్టుకుని, ఒకరి రబ్బరు ఒకరు గిల్లి చూసుకుంటూ నిలబడ్డారు. వరసలో మొదట ఉన్నది ఎవరనుకున్నారు, నిన్నటి బ్యాంకు గుమాస్తా. కొత్త రబ్బరు, నీళ్ళ జిగురు.

"మీరు ఆటలో లేరు కదండీ!" అంది ఆమె.

"లేననుకోండి. ఒక్కసారి పాసయ్యాననిపించుకుందామని."

అంకె ఒకటి కూడా దాటలేదు. ఆయన యంత్రానికి దండం పెట్టినంత పని చేశాడు. ఆ తర్వాత అక్కడే నిలబడిపోయి, అడక్కుండానే వరస సరిచూడ్డం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికల్లా ఆరు బ్యాట్లు తప్పాయి. ఆరుగురూ మరో బ్యాట్ అరువు తెచ్చుకుని, బతుకుజీవుడా అని ఆడటానికి వెళ్ళారు. మాష్టారు లోపలికొచ్చి ఆ ఆరు చీటీలూ చేతిలోకి తీసుకుని, "ఆరు కొంపలు నిలబెట్టావమ్మా," అన్నాడు. కొలతమ్మకి ఆ పూటకి భోజనం అక్కర్లేకపోయింది.

ఆట చూడ్డానికి ఆమెకి తీరిక లేదు. కానీ గోడకి అవతల బంతి చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడో బల్ల మీద పిచ్చుక ఆడుతున్నప్పుడు ఆమెకి చూడకుండానే తెలిసేది. మిగతావాళ్ళ బంతులు టక్, టక్, టక్ అని సమంగా పోతాయి. పిచ్చుకది టక్, టక్, ఆ వెంటనే ఊపిరి తీసే సందు ఇవ్వకుండా టకా! జనం 'హో' అంటారు. మూత పెట్టి అంకె కోసం చూస్తున్నా ఆమె చెవి మాత్రం గోడకే అతుక్కుని ఉంది. సాయంత్రానికి ఆ 'హో'లు లెక్కకందనన్ని అయ్యాయి. పిచ్చుక సెమీఫైనల్‌కి చేరింది. చీటీల్లో ఒక్కసారి కూడా ఆమె బ్యాట్ రాలేదు.

ఆదివారం నుంచి చీటీలు లేవు. సెమీఫైనల్ నుంచి అందరి బ్యాట్లూ చూడాల్సిందే. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కొలతమ్మ చెప్పులు వేసుకుంటూ మళ్ళీ నోరు తెరిచింది. పిచ్చుక రెండు చెవులూ మూసుకుని గెంతుకుంటూ మెట్లు దిగిపోయింది.

ఆ పూట వరస తొందరగా అయిపోయింది. పదింటికి గది ఖాళీ. కొలతమ్మ యంత్రాన్ని గుమాస్తాకి అప్పగించి హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూడు రోజుల్లో ఆమె చూసిన మొదటి ఆట అదే.

అవతల ఉన్నది అకాడమీ పిల్ల. పందొమ్మిదేళ్ళు. ఎర్ర రిబ్బను, నలుగురు తోటి ఆటగాళ్ళు, మెడలో విజిల్ వేసుకున్న కోచ్. ఇవతల పిచ్చుక ఒక్కతే. ఆమె కోచ్ కుర్చీలో లిఫ్టు మెకానిక్ కూర్చున్నాడు. విరామంలో ఏం చెప్పాలో తెలియక ప్రతిసారీ నీళ్ళ సీసా మూత తీసి ఇస్తున్నాడు.

మొదటి గేము రిబ్బను పిల్లది. రెండోది పిచ్చుకది. మూడోది మళ్ళీ పిల్లది. నాలుగో గేములో పిచ్చుక ఎడమచేతి వైపు బంతికి అసలు వెనక్కి జరగడమే మానేసింది. బంతి బల్ల మీద తగిలీ తగలకముందే మణికట్టు ఒక్క తిప్పు తిప్పి అవతలి మూలకి పంపేది. కోటు కాలరు మీద పెట్టె తిరిగినట్టే తిరిగింది ఆ చెయ్యి. రెండు రెండు సమానం.

అయిదో గేములో పిచ్చుక ఎనిమిది, పిల్ల పది. ఇంకొక్క పాయింటు పోతే అయిపోయింది. కొలతమ్మ గుమ్మం కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. పిచ్చుక బంతిని నేలకి కొట్టింది, చేతిలోకి తీసుకుంది, ఊది, ఎగరేసింది. పొట్టి సర్వీసు. పిల్ల వంగి తోసింది. టకా! తొమ్మిది. తర్వాతి పాయింటు పాతిక దెబ్బలు సాగింది. హాలంతా లేచి నిలబడింది. పక్క బల్లమీద ఆడుతున్నవాళ్ళు కూడా ఆపేసి చూశారు. చివరికి బంతి నెట్ అంచుకి తగిలి ఒక్క క్షణం అక్కడే కూర్చుందామా అని ఆలోచించి అవతలికి జారింది. పది పది. ఆ పైన పిచ్చుకకి పదకొండు. ఆ పైన పిల్ల కొట్టిన బంతి బల్ల దాటి నేరుగా లిఫ్టు మెకానిక్ ఒళ్ళో పడింది.

ఆయన ఆ బంతిని పట్టుకుని లేచి, ఎవరి కాలో తొక్కి, చెల్లెల్ని ఎత్తుకున్నంత పని చేశాడు. కొలతమ్మ గుమ్మంలోనే నిలబడి ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు బ్యాట్ వస్తుంది.

పిచ్చుక బ్యాట్‌ని బల్లమీద పెట్టి, "ఇదిగోండి మేడం," అంది నవ్వుతూ.

కొలతమ్మ నవ్వలేదు. మాష్టారి వైపు తిరిగి, "ఈమె మా ఆడపడుచు. ఈ బ్యాట్ నేను చూడకూడదు. మీరు చూడండి," అంది. మాష్టారు తలూపి కుర్చీ మారాడు. భూతద్దంలో అంతా శుభ్రమే. మందం మూడు పాయింట్ తొమ్మిది. ఎత్తుపల్లాలు లేవు. ఆయన మూత పెట్టి మీట నొక్కాడు.

రెండు. నాలుగు. ఆరు. ఎనిమిది దాటి ఆగింది.

 ఆయన రెండోవైపు తిప్పి పెట్టాడు. అదీ అంతే. యంత్రాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి గాలి పట్టించి, సున్నాకి తెచ్చి, మూడోసారి చూశాడు. ఎనిమిది.

రిబ్బను పిల్ల కోచ్ గుమ్మంలోంచే చూస్తున్నాడు. "నేననుకుంటూనే ఉన్నా. ఆ బంతి అలా ఎగురుతుంటేనే అనుమానం వచ్చింది. మందు పూశారు," అన్నాడు, హాలుకి వినబడేలా.

పిచ్చుక ముఖంలో రక్తం లేదు. "నేనేం పూయలేదు," అంది, ఎవరితోనని కాకుండా. ఆ తర్వాత వదిన కేసి చూసింది. కొలతమ్మకి ఆ చూపు భరించడం కష్టమైంది. కానీ తల దించుకోలేదు.

"రాయమ్మా," అన్నాడు మాష్టారు మెల్లగా. కొలతమ్మ ఫారం తీసి అంకె వేసింది. ఎనిమిది పక్కన చుక్క, చుక్క పక్కన రెండు.  పిచ్చుక కింద సంతకం పెట్టింది. ఫైనల్‌కి రిబ్బను పిల్ల వెళ్ళింది.

ఆడపడుచు అరుస్తుందనుకుంది కొలతమ్మ. ఏడుస్తుందనుకుంది. పిచ్చుక గోడవార స్టూలు లాక్కుని కూర్చుని, "నువ్వు నన్ను నమ్ముతున్నావా?" అని అడిగింది.

"నిన్ను నమ్ముతున్నాను. ఆ అంకెనీ నమ్ముతున్నాను. అందుకే తల పగిలిపోతోంది." కొలతమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమెలో ఇన్‌స్పెక్టరు నిద్రలేచింది. "లే. సంచీ విప్పు. ఆ బ్యాట్‌కి తగిలే ప్రతి వస్తువూ బల్లమీద పెట్టు."

జిగురు సీసా. స్పాంజి. తువ్వాలు. మణికట్టు పట్టీ. ఒక్కోదాని మీద మూత పెట్టింది. జిగురు సున్నా దగ్గరే ఉంది. స్పాంజి అంతే. తువ్వాలు రెండు చూపించింది. గోడ అవతల ఫైనల్ మొదలై జనం కేకలు వేస్తున్నారు. గదిలో నలుగురూ ఒక చిన్న తెరమీదకి వంగి ఉన్నారు. చివర్న బ్యాట్ పెట్టుకునే జిప్పు సంచీ. జిప్పు తెరిచి, లోపలికి మూత దూర్చింది.

పన్నెండు. పదిహేను. పదిహేడు.

"ఇది!" అని గుమాస్తా గెంతాడు.

మాష్టారు ఆ సంచీని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఈ సంచీ ఎక్కడ పెడతావమ్మా రోజూ?"

"షాపులోనండీ. నా ఇస్త్రీ బల్ల కింద అరలో. పొద్దున పెట్టి రాత్రి తీసుకుంటాను. క్లబ్బు అక్కణ్ణుంచి దగ్గరని."

"పక్కనేముంటుంది?"

"డ్రమ్ములోంచి తీసిన బట్టలు. ఆరేదాకా అక్కడే వేలాడతాయి."

మాష్టారు సంచీని బల్లమీద పెట్టాడు. "రబ్బరు కింద ఉన్నది స్పాంజి కదా, పీల్చేసింది. బట్టలు కడిగే మందు ఆవిరంతా దీన్లోకి పోయింది. నువ్వేం పూయలేదు. అది నేను కోచ్‌కీ చెప్తాను, రిపోర్టులోనూ రాస్తాను. కానీ ఫలితం మార్చలేనమ్మా. ఆవిరి ఉందా లేదా అనే చూస్తుంది రూలు. ఎలా వచ్చిందని అడగదు."

"మార్చొద్దు మాష్టారూ. ఒక్కటి చెప్పండి. ఈ మూడు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?"

"వెనకటికి ఘాటైన జిగుళ్ళు వాడేవాళ్ళు. గదిలో కూర్చుని రబ్బర్లు అంటించుకుంటూ ఆ ఆవిరి పీలిస్తే కళ్ళు తిరిగేవి, తల దిమ్మెక్కేది. ఆటగాళ్ళ ఒంటికి మంచిది కాదని ఆపారు."

పిచ్చుక తన రెండు అరచేతులూ చూసుకుంది. వాసన చూసింది. తర్వాత చాలా మామూలుగా అంది. "బ్యాట్ అరలో ఉంటుంది మాష్టారూ. ఆ అర పైన నేనుంటాను. పదేళ్ళబట్టి."

అవతల హాల్లో ఎవరో గెలిచారు. చప్పట్లు మోగాయి. ఈ గదిలో ఎవరికీ వినిపించలేదు.

సాయంత్రం ఇంట్లో లిఫ్టు మెకానిక్ విషయం మొత్తం విన్నాడు. ఇటు భార్య, అటు చెల్లెలు, ఇద్దరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. వదిన చేతి మీదుగా చెల్లెలు ఓడింది, ఇంట్లో అగ్గి రాజుకుంటుందని ఎదురింటివాళ్ళు కూడా కిటికీ దగ్గర చేరారు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని, "లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఎవరిది తప్పని మేం ముందు అడగం. ముందు లోపలివాళ్ళని బయటికి తీస్తాం," అన్నాడు. "రేపు యంత్రం టేబుల్ టెన్నిస్ సంఘానికి ఎప్పుడు తిరిగివ్వాలి?"

"సాయంత్రం అయిదింటికి," అంది కొలతమ్మ.

"అయితే పొద్దున ఖాళీయేగా."

పిచ్చుక వదిన భుజం మీద తల పెట్టింది. ఎదురింటి కిటికీ నిరాశగా మూసుకుంది.

సోమవారం తొమ్మిదింటికి డ్రై క్లీనింగ్ షాపు గుమ్మంలో ముగ్గురు నిలబడ్డారు. పిచ్చుక, కొలతమ్మ, యంత్రం పెట్టె పట్టుకుని మాష్టారు. సంఘం ఆస్తి కదా, తానే తేవాలన్నాడు. మొదట కొలతమ్మ గుమ్మంలో ఆగి, "ఇది నా పరిధి కాదు. నాకు త్రాసుల మీదే అధికారం," అంది. "నువ్వు ఇన్‌స్పెక్టరువి కావు వదినా, నాతో వచ్చిన వదినవి. పద," అంది పిచ్చుక.

ముందుగదిలో అద్దాల బల్ల వెనక ఓనర్ కూర్చుని ఉన్నాడు. చెడ్డమనిషి కాదు, భయస్థుడు. యంత్రాన్ని చూడగానే లేచాడు. "ఏంటమ్మా ఇదంతా? బ్యాట్ల యంత్రం అంటున్నావు. బట్టల సంగతి దానికేం తెలుసు?"

"బట్టల సంగతి కాదు సార్. మా సంగతి," అంది పిచ్చుక.

వెనకగదిలో ముగ్గురు పనిచేస్తారు. డ్రమ్ము తిప్పే తాత, మరకలు తీసే అక్క, ఇస్త్రీ పిచ్చుక. మరకలక్క కాఫీ మరక మీద బ్రష్ ఆడిస్తూనే తలెత్తింది. నుదుటికి గుడ్డ కట్టుకుని ఉంది. ఒకే ఒక్క కిటికీ. ఉతికిన బట్టల మీద దుమ్ము పడకూడదని దాని రెక్కలు రెండూ చెక్కకి మేకుల్లాంటి స్క్రూలతో బిగించేశారు.

కొలతమ్మ గుమ్మం దగ్గర మీట నొక్కింది. పదకొండు. ఇస్త్రీ బల్ల దగ్గర, పిచ్చుక తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో గొట్టం పట్టుకుంది. ఇరవై ఎనిమిది. మరకలక్క బల్ల దగ్గర ముప్పై ఒకటి. తాత ఏమైతే అయిందని డ్రమ్ము తలుపు తీశాడు. అంకె అరవై దాటి పైకి పోతుంటే తాత తనే భయపడి తలుపు మూసేశాడు.

"రబ్బరు ముక్కకి ఎంతదాకా ఉండొచ్చంటారు?" అడిగింది మరకలక్క.

"మూడు," అన్నాడు మాష్టారు. "ఇది రబ్బరు కొలత, గదికి పెట్టింది కాదు. మనుషులకి ఎంతన్నది వేరే లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసే ఆఫీసుకి నేనివాళే రాస్తాను. కానీ తలుపులు మూసిన గదిలో ఇంత ఉండటం బాగోలేదని చెప్పడానికి నాకు ఏ ఆఫీసూ అక్కర్లేదు."

మరకలక్క బ్రష్ కింద పెట్టింది. నుదుటి గుడ్డ విప్పింది. "తలనొప్పి కళ్ళజోడు వల్లనుకున్నాను. మూడు జతలు మార్చాను," అంది. ఆ తర్వాత ఆమెకే నవ్వొచ్చింది. "ఆ కళ్ళ డాక్టరు మాత్రం బాగుపడ్డాడు."

ఓనర్ గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్నాడు. "నేనూ ఇక్కడే కదా ఉండేది! నాకేమైంది? ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు కొత్తగా..." అంటూ ఆగాడు.

కొలతమ్మ యంత్రం పట్టుకుని ముందుగదిలోకి నడిచి, అద్దాల బల్ల మీద, ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టి మీట నొక్కింది. ఓనర్ వద్దనబోయి, వంగి చూశాడు. నిమిషం చాలా నిదానంగా గడిచింది.

పధ్నాలుగు.

ఆయన కుర్చీలో కూర్చోబోయి, కూర్చోకుండా లేచాడు. దగ్గాడు. ఆ దగ్గు ఎప్పటిదో షాపులో అందరికీ తెలుసు. ఇప్పుడే అది ఆయన చెవిన పడినట్టుంది. ఒక చేత్తో గుండెలు రుద్దుకుంటూ రెండో చేత్తో సొరుగు లాగి ఏదో వెతుకుతున్నాడు.

పిచ్చుక అప్పటికే వెనకగదిలో ఇస్త్రీ బల్లమీదకి ఎక్కేసింది. "స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరుంది?"

"ఇదిగో," అన్నాడు ఓనర్. సొరుగులోంచి తీసింది అదే.

స్క్రూలు తుప్పు పట్టాయి. మొదటిది కదల్లేదు. తాత కాస్త నూనె చుక్క వేశాడు. పిచ్చుక మణికట్టు బిగించి ఒక్క తిప్పు తిప్పింది. కిర్రుమంది. రెండోది, మూడోది. నాలుగోది ఊడిరాగానే రెక్క బయటికి తెరుచుకుని గోడకి ఠప్పున కొట్టుకుంది. వేలాడుతున్న కోట్లన్నీ ఒక్కసారి చేతులు ఊపాయి. వీధిలో సైకిల్ గంట, ఎవరిదో పిలుపు, వేడిగాలి లోపలికొచ్చాయి.

"ఇరవై ఒకటి!" అరిచింది కొలతమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి.

అందరూ యంత్రం చుట్టూ చేరారు. మాష్టారు గడియారం చూస్తున్నాడు. మరకలక్క గొట్టం పట్టుకుంది. పదిహేడు. పదమూడు. తాత అంకె వచ్చినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నాడు. తొమ్మిది. బట్టలివ్వడానికొచ్చిన ఒకావిడ ముందుగదిలో పిలిచి పిలిచి, చివరికి తనే లోపలికొచ్చి, ఏం ఆటో అర్థంకాకపోయినా భుజాల మీంచి తొంగిచూసింది. ఏడు. ఆరు. అయిదున్నర.

అక్కడ ఆగిపోయింది. నిమిషం, రెండు నిమిషాలు. అయిదున్నరే.

"గాలి ఒకవైపు నుంచే వస్తోంది. బయటికి పోయే దారి లేదు," అన్నాడు మాష్టారు.

అందరూ ముందుగది వైపు తిరిగారు. అద్దాల బల్ల వెనక వీధివైపు ఇంకో కిటికీ ఉంది. దాని మీద ధరల పట్టిక, కింద నాలుగు స్క్రూలు. ఓనర్ ఆ కిటికీ కేసి చూశాడు, కోట్ల కేసి చూశాడు, తెరమీద అంకె కేసి చూశాడు. తర్వాత కుర్చీని కిటికీ కిందకి లాగి, చెప్పులు విడిచి దాని మీదకెక్కి, పిచ్చుక వైపు చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వమ్మా."